పలుచని టేకు పొర

ఈ పత్రిక చదివేవాళ్ళలో సొంత పడవ ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఉండరు. మన ఇళ్ళలో సముద్రం మాట వస్తే ముందు గుర్తొచ్చేది పడవ కాదు, ఓడ. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరిన ట్రూరో ఓడ. ఆ తర్వాత 1911 వరకు వచ్చిన మిగతా ఓడలు. ఆ యాభై ఏళ్ళలో సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా ఇండియా నుంచి నేటాల్‌కు వచ్చారు. వాళ్ళలో మా ముత్తాత ఒకరు. ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఒక తెలుగు ఊరు ఆయనది. ఇక్కడ దిగిన తర్వాత ఆయన మళ్ళీ ఓడ ఎక్కలేదు. మా తాత కూడా ఎక్కలేదు. మా నాయన ఎన్నో పడవల్లో పని చేశారు. కానీ ఒక్కదానిలో కూడా సముద్రం మీదికి వెళ్ళలేదు.

అందుకే నేను, మా తమ్ముడు కలిసి ఒక పాత తెరచాప పడవ కొన్నామని చెప్పగానే చుట్టాలంతా నవ్వారు. తెరచాప అంటే గాలి పట్టే పెద్ద గుడ్డ. ఆ గాలితోనే పడవ నడుస్తుంది. "మనవాళ్ళకి ఒకసారి ఎక్కింది చాలలేదా?" అని మా మేనత్త అడిగింది.

ఈ వ్యాసం ఆ పడవ లోపలి చెక్క గురించి. పాడైపోయిన చెక్కను ఎలా బాగు చేశామో చెబుతాను. మీకు పడవ లేకపోయినా పరవాలేదు. మీ ఇంట్లో అవ్వగారి బీరువా ఉండవచ్చు. దేవుడి గది తలుపు ఉండవచ్చు. పని దాదాపు ఒకటే. మధ్యలో కొన్ని తెలుగు మాటలు వస్తాయి. అవి నేను మా నాయన దగ్గర నేర్చుకున్నవి. కొత్తగా అనిపించే చోట ఆగి అర్థం చెబుతాను.

మా పడవ 1978లో తయారైంది. పొడవు 30 అడుగులు. బయట ఫైబర్‌గ్లాస్. లోపల అంతా టేకు. పడుకునే బల్లలు, వంట మూల, మ్యాపులు పరిచే బల్ల, అల్మారాలు, సొరుగులు, అడ్డు గోడలు, అన్నీ టేకే. నాలుగేళ్ళుగా ఎవరూ దాని తలుపు తీయలేదు. డర్బన్ గాలిలో చెమ్మ ఎక్కువని మీకు తెలుసు. చెమ్మ అంటే కంటికి కనిపించని తడి. మూసిన పడవలో ఆ చెమ్మకు బయటికి పోయే దారి ఉండదు.

తలుపు తీసిన రోజు ముందు వాసన వచ్చింది. బూజు, డీజిల్, పాత దిండ్లు, మూడూ కలిసిన వాసన. ఎండ తగిలే చోట వార్నిష్ చేప పొలుసుల్లా లేచిపోయింది. కిటికీల కింద చెక్క మీద నల్లటి మరకలు. పొయ్యి దగ్గర జిడ్డు. అల్మారాల లోపల బూడిద రంగు బూజు. కానీ సొరుగుల వెనక, ఎండా నీళ్ళూ తగలని చోట్ల, చెక్క తేనె రంగులో అలాగే ఉంది. అది చూసే నాకు ఆశ పుట్టింది.

మా తమ్ముడు లెక్కలు చూసే మనిషి. "అక్కా, లోపలంతా తెల్ల రంగు వేసేద్దాం. రెండు వారాల పని. ఒక ఏడాది తిప్పుదాం. నచ్చకపోతే అమ్మేద్దాం" అన్నాడు. అతను అన్నది వింత మాటేమీ కాదు. పాత అమెరికన్ పడవల్లో హెరెషాఫ్ పద్ధతి అని ఒకటి ఉంది. గోడలకు తెల్ల రంగు, అంచులకు మాత్రం వార్నిష్ వేసిన చెక్క. చూడడానికి బాగుంటుంది, కేబిన్‌లో వెలుగు కూడా పెరుగుతుంది. కానీ రంగు ఒకసారి చెక్క గీతల్లోకి దిగిందంటే మళ్ళీ పూర్తిగా బయటికి తీయడం చాలా కష్టం. నాకు తొందరపడాలని లేదు. ముందు నాయనను అడుగుదాం అన్నాను.

నాయనను అడగడం అంత తేలిక కాదు. ఆయనకు ఇప్పుడు 79 ఏళ్ళు. వడ్రంగి. అంటే చెక్క పని చేసే మనిషి. మా తాత మ్యాగజీన్ బ్యారక్స్‌లో ఉండేవారు. పగలు మునిసిపాలిటీ పని, సాయంత్రం చెక్క పని. నాయన చేతికి ఉలి ఇచ్చింది ఆయనే. తర్వాత బ్యారక్స్ ఖాళీ చేయించి అందరినీ చాట్స్‌వర్త్‌కు పంపారు. నాయన కొన్నేళ్ళు జేకబ్స్‌లో ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పని చేశారు. 1970ల్లో రేవులో పడవలు కట్టే ఒక యార్డులో చేరారు. అక్కడ ఆయన చేసిన పని పడవల లోపలి చెక్క పనే.

ఆ రోజులు ఎలాంటివో మన పెద్దవాళ్ళకు తెలుసు. 1953లో వచ్చిన చట్టం ప్రకారం బీచిలు, బల్లలు, తలుపులు అన్నీ వేరు వేరు. ఆ చట్టం 1990లో గానీ పోలేదు. మా పెదనాన్న 1960ల్లో సాలిస్‌బరీ దీవిలోని కాలేజీలో చదివారు. ఇండియన్ల కోసమని 1961లో ప్రభుత్వం పాత నౌకాదళ బ్యారకుల్లో పెట్టిన కాలేజీ అది. రోజూ ఫెర్రీలో వెళ్ళేవారు. దారిలో తెల్లటి తెరచాపలు కనిపించేవట. తమ్ముడు వాటిని చేస్తాడు, అన్న వాటిని దూరం నుంచి చూస్తాడు. ఎక్కేది మాత్రం వేరేవాళ్ళు.

నాయన పని చేసిన పడవ ఒకటి పూర్తయినప్పుడు నీళ్ళలోకి దించే రోజు పెద్ద విందు చేశారట. చెక్క పని చేసిన నలుగురు ఇండియన్ వడ్రంగుల్ని మధ్యాహ్నమే వెనక గేటు గుండా ఇంటికి పంపేశారు. ఈ సంగతి ఆయన నాకు ఒక్కసారే చెప్పారు. కోపంగా చెప్పలేదు. తర్వాత ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మేము పడవ కొన్నాక నాలుగు నెలలు ఆయన దాన్ని చూడడానికి రాలేదు. రమ్మంటే "మోకాళ్ళ నొప్పి" అనేవారు.

ఒక ఆదివారం నేను పడవలోని సొరుగు ఒకటి విప్పి చాట్స్‌వర్త్ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని తిరగేసి చూశారు. మూలలో రెండు చెక్కలు పళ్ళలాగా ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. ఒక్క మేకు కూడా లేదు. బొటనవేలి గోరుతో కింద గీరి వాసన చూశారు. "చేత్తో చేసింది. చేవ ఉంది" అన్నారు.

చేవ అనే మాట గుర్తుపెట్టుకోండి. చెట్టు మధ్యలో ఉండే గట్టి చెక్కను చేవ అంటారు. మనిషికీ అదే మాట వాడతారు. చేవగల మనిషి అంటే గట్టి మనిషి, పని చేయగల మనిషి.

ఆ పడవ నాయన చేసిందేనా అని మీరు అడగవచ్చు. కాదు. అది వేరే ఊళ్ళో తయారైంది. కానీ ఆ సొరుగు చేసిన మనిషికి కూడా తన లాంటి చేతులే ఉన్నాయని ఆయనకు అర్థమైంది. తర్వాతి శనివారం నేను పిలవకముందే బూట్లు వేసుకుని కారులో కూర్చున్నారు.

ఇక పని గురించి చెబుతాను.

నాయన కేబిన్‌లోకి దిగి ముందు చూసింది మరకల్ని కాదు. ఒక సన్నని స్క్రూడ్రైవర్ అడిగారు. దాని పిడితో గోడల్ని తట్టడం మొదలుపెట్టారు. "ఈడ కొట్టు చూద్దాం" అని నా చేత కూడా తట్టించారు. ఈడ అంటే ఇక్కడ. తరగతిలో మీకు "ఇక్కడ" అని నేర్పిస్తారు. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన ఇళ్ళలో "ఈడ" అంటారు. రెండూ తెలుగే. గట్టి చెక్క టక్ టక్ మంటుంది. కుళ్ళిన చెక్క బొదబొద మంటుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా గుచ్చాలి. మొన లోపలికి దిగితే ఆ చెక్క పోయినట్టే. దానికి వార్నిష్ వేసి లాభం లేదు.

అలాంటి చోటు మా పడవలో ఒకటి దొరికింది. తెరచాప కొయ్యను నిలబెట్టే లోహపు తాళ్ళు డెక్ మీద కొన్ని పట్టీలకు బిగించి ఉంటాయి. ఆ పట్టీలు డెక్ గుండా లోపలికి వచ్చి అడ్డు గోడకు తగులుకుంటాయి. ఎన్నో ఏళ్ళుగా అక్కడి నుంచి నీళ్ళు కారి, అరచేతి వెడల్పు చెక్క మెత్తబడిపోయింది. ఇది అందానికి సంబంధించిన సంగతి కాదు. గాలి బలంగా వీచినప్పుడు ఆ గోడే కొయ్య బరువును మోయాలి. నాయన మా తమ్ముడి వైపు తిరిగి "పైన పటారం, లోన లొటారం" అన్నారు. వాడికి అర్థం కాలేదు. పైకి గొప్పగా కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు అని దాని అర్థం. ఆ గోడకు తెల్ల రంగు వేసి ఉంటే అదే జరిగేది. తమ్ముడు రంగు మాట మళ్ళీ ఎత్తలేదు. పాడైన ముక్కను కోయించి, అక్కడ పడవలకు వాడే మెరైన్ ప్లైవుడ్ వేయించాం. పట్టీలు కూడా విప్పించి చూపించాం.

తర్వాత నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికాం. నీళ్ళు కారుతుండగా చెక్క బాగు చేయడం చిల్లి కుండలో నీళ్ళు పోసినట్టే. ఒకరు పైన గొట్టంతో నీళ్ళు కొడతారు. ఒకరు లోపల టార్చి పట్టుకుని కూర్చుంటారు. పైన ఒక చోట దూరిన నీరు లోపల ఇంకో చోట బయటపడుతుంది. అందుకే కింది నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి తడపాలి. మా పడవలో మూడు కిటికీలు, డెక్ మీద రెండు బిగింపులు కారుతున్నాయి. కిటికీలు ఊడదీసి, పాత బంకంతా గీకి, కొత్త బంక పెట్టి బిగించాం. ఆరు వారాంతాలు ఇదే పని. అప్పటిదాకా చెక్కను ముట్టుకోలేదు.

డర్బన్‌లో వానలు వేసవిలో పడతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి పొడిగా ఉంటుంది. మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే ఆ మూడు నెలలు మంచివి.

జూన్‌లో శుభ్రం చేయడం మొదలుపెట్టాం. ముందు విప్పగలిగినవన్నీ విప్పాం. తలుపులు, సొరుగులు, గుబ్బలు, దీపాలు. ప్రతిదానికీ వెనక చిన్న చీటీ అంటించి ఏది ఎక్కడిదో రాశాం. బూజును నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచాం. ముక్కుకు మాస్కు ఉండాలి, అన్ని తలుపులూ తెరిచి ఉండాలి. తర్వాత గిన్నెలు తోమే సబ్బు కొంచెం కలిపిన నీళ్ళు, పిండిన మెత్తని గుడ్డ. చెక్కను తడిపి వదిలేయకూడదు. తుడిచిన వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టాలి. పొయ్యి దగ్గరి జిడ్డు సబ్బుకు పోదు. దానికి టర్పెంటైన్ వాడాం. చివర మళ్ళీ ఒకసారి మంచినీళ్ళతో తుడిచాం. ఎందుకంటే సముద్రపు ఉప్పు ఎక్కడ మిగిలితే అక్కడికి చెమ్మ చేరుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా తడిసిపోతుంది కదా, అలాగే.

మీకు ఒక మాట చెప్పాలి. సగం చెక్కకు ఈ శుభ్రమే చాలింది. పాత వార్నిష్ కింద పట్టు విడవకుండా ఉంది, పైన మాత్రం మురికి. అలాంటి చోట వార్నిష్ మొత్తం తీసేయాల్సిన పని లేదు. 320 నంబరు గరుకు కాగితంతో పైపైన రుద్ది, దుమ్ము తుడిచి, ఒకటి రెండు పూతలు కొత్తగా వేస్తే సరిపోతుంది.

మిగతా సగం దగ్గరే అసలు ప్రమాదం ఉంది. మా పడవ అంతా టేకు అన్నాను కదా. అది పూర్తి నిజం కాదు. అంచులు, గుబ్బలు, కడ్డీలు మాత్రమే నిజంగా టేకు ముక్కలు. గోడలు, తలుపులు లోపల ప్లైవుడ్, పైన ఒక పలుచని టేకు పొర. దాన్ని వెనీర్ అంటారు. చాలా పడవల్లో అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. టేకు ఖరీదైనది కాబట్టి అలా చేస్తారు. అందులో మోసమేమీ లేదు. కానీ ఆ పొర ఒకసారి అరిగిపోతే మళ్ళీ రాదు. మ్యాపుల బల్ల పక్కన పాత యజమాని ఎవరో మిషన్ పెట్టి రుద్దారు. అరచేతి అంత చోట టేకు పోయి, కింద పాలిపోయిన చెక్క, జిగురు గీతలు బయటపడ్డాయి. ఇప్పటికీ అది అలాగే ఉంది. పైన ఒక చిన్న పటం తగిలించాం.

నాయన మిషన్‌ను పడవలోకి రానివ్వలేదు. గరుకు కాగితాన్ని చిన్న చెక్క ముక్కకు చుట్టి నా చేతికిచ్చి "చెక్క ఎటు పోతాందో అటే నీ చెయ్యి పోవాల" అన్నారు. పోతాంది అంటే పోతోంది. చెక్క మీద సన్నని గీతలు ఒక వైపుకు పారుతుంటాయి. రుద్దితే ఆ గీతల వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడే గాట్లు వార్నిష్ వేశాక ఇంకా బాగా కనిపిస్తాయి. వార్నిష్ లేచిపోయిన చోట్ల వేడి గాలి గన్ను దూరంగా పట్టి, మెత్తబడిన పూతను రేకుతో మెల్లగా గీకాం. వేడి ఎక్కువైతే పొర కింది జిగురు వదిలేస్తుంది. అందుకే ఒక్క చోట ఆపకుండా కదుపుతూ ఉండాలి. రంగు గానీ వార్నిష్ గానీ చాలా పాతదైతే అందులో సీసం ఉండవచ్చు. ముందు పరీక్ష చేయించుకోండి. దుమ్ముకు మంచి మాస్కు తప్పనిసరి. టేకు దుమ్ము కొందరి ఊపిరికి, చర్మానికి పడదు.

ఇక నల్ల మరకలు. ఇవి మురికి కాదు. చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. స్క్రూలలోని ఇనుము, కారిన నీరు దానితో కలిస్తే నలుపు పుడుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ బట్టల మీది నలుపు కూడా ఇలాంటిదే. అక్కడ బట్టను కరక్కాయలో తడుపుతారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో నానబెట్టి ఆ నీటితో గీస్తారు. కరక్కాయ వగరు, ఇనుము కలిసి నల్లబడతాయి. అక్కడ కావాలని చేసేది పడవలో వద్దన్నా జరుగుతుంది.

ఈ నలుపును ఆక్సాలిక్ యాసిడ్ తీస్తుంది. చుక్కకూరలో పులుపు ఉంటుంది కదా, అందులో ఉండేది కూడా ఇదే. కానీ కొట్లో దొరికే పొడి చాలా ఘాటైనది, విషం. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. గోరువెచ్చని నీళ్ళలో ప్యాకెట్ మీద చెప్పినంత కలిపి బ్రష్‌తో పూయాలి. మరక మీద మాత్రమే పూస్తే అక్కడ తెల్లగా మచ్చ పడుతుంది. అందుకే పలక మొత్తానికి ఒకేలా పూయాలి. తర్వాత మంచినీళ్ళతో రెండు మూడు సార్లు తుడవాలి. ఒకసారి వంట సోడా నీళ్ళతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడవాలి. అది పూర్తిగా కడగకముందే రుద్దితే ఆ దుమ్ము ఊపిరిలోకి పోతుంది. చాలా మరకలు పోయాయి. రెండు చోట్ల నీడలా కొంచెం మిగిలింది. నాయన "చాలు" అన్నారు. ఇంకా రుద్దితే మరక పోతుంది, దానితో పాటు టేకు కూడా పోతుంది.

ఒక కిటికీ అంచు పట్టీ విరిగిపోయి ఉంది. దాని బదులు కొత్తది చేయాలి. ఆ రోజు నాయన ఇంటి నుంచి ఒక చెక్క పెట్టె తెచ్చారు. అందులో మా తాత చిత్రిక ఉంది. చిత్రిక అంటే చెక్కను నున్నగా చేసే పనిముట్టు. చెక్క దిమ్మ మధ్యలో ఒక పదునైన ఇనుప బద్ద ఉంటుంది. దాన్ని ముందుకు తోస్తే సన్నని చెక్క పొర చుట్టలు చుట్టుకుని బయటికి వస్తుంది. ఆ పనిని చిత్రిక పట్టడం అంటారు. నాయన చేతులు ఇప్పుడు కొంచెం వణుకుతాయి. చిత్రిక మీద పెట్టాక మాత్రం వణకలేదు. పని చేస్తూ ఒక్కొక్క మాట చెప్పారు. ఉలి, రంపం, సుత్తి, బరమా. బరమా అంటే చెక్కకు కన్నం వేసేది. యార్డులో నలుగురు వడ్రంగులూ వీటిని తెలుగులోనో తమిళంలోనో అడిగి తీసుకునేవారట. మేస్త్రీకి అర్థం కాకపోవడం వాళ్ళకు ఒక చిన్న సంతోషం. యాభై ఏళ్ళుగా ఆ మాటలు ఆయన నోట్లోనే ఉండిపోయాయి. ఇంట్లో మాకు పాత్రల పేర్లు, చుట్టాల వరసలు తెలుగులో వచ్చాయి. పనిముట్ల పేర్లు రాలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు.

టేకు అనే మాట కథ కూడా చిన్నది, చెబుతాను. ఇంగ్లీషు వాళ్ళు వాడే మాట మనదే. మలయాళంలో తేక్కు. అది పోర్చుగీసు వాళ్ళ నోటి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళింది. మాటతో పాటు చెక్క కూడా వెళ్ళింది. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీటి మీద తేలుతోంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అందుకే అది తొందరగా కుళ్ళదు, పురుగు పట్టదు.

ఆ నూనె వల్లే వార్నిష్ దానికి సరిగ్గా అంటుకోదు. అందుకని పూత వేసే ముందు అసిటోన్‌లో ముంచిన గుడ్డతో చెక్కను తుడవాలి. అప్పుడు పైనున్న నూనె పోతుంది. ఆలస్యం చేస్తే లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. కాబట్టి ఆరగానే పూత వేయాలి. ఈ పనికి దగ్గరలో నిప్పు ఉండకూడదు, గాలి బాగా ఆడాలి. మొదటి పూతను బాగా పలుచన చేశాం. అది చెక్కలోకి ఇంకుతుంది. తర్వాత మూడు పూతలు. ప్రతి పూతకూ మధ్య ఒక రోజు ఆరనిచ్చి, 320 కాగితంతో మెల్లగా రుద్ది, దుమ్ము తుడిచాం. బయటి చెక్కకు ఎండ తగులుతుంది కాబట్టి ఇంకా చాలా పూతలు కావాలి. లోపల నాలుగు చాలు. చివరి పూత మెరుపు తక్కువది ఎంచుకున్నాం. చిన్న కేబిన్‌లో ఎక్కువ మెరుపు కళ్ళకు పొడుస్తుంది. రోజూ మధ్యాహ్నం రెండింటికల్లా బ్రష్ పక్కన పెట్టేవాళ్ళం. సాయంత్రం చెమ్మ దిగితే ఆరని వార్నిష్ మీద తెల్లటి మసక పడుతుంది.

వార్నిష్ బదులు నూనె పూయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పూయవచ్చు, పని తేలిక. కానీ మన ఊరి గాలిలో నూనె పూసిన చెక్క త్వరగా నల్లబడుతుంది, బూజు కూడా తొందరగా పడుతుంది.

ఇంకొక సంగతి మాత్రం మరిచిపోకండి. అవిసె నూనె లాంటివి, నూనె ఉన్న వార్నిష్‌లు తుడిచిన గుడ్డల్ని ఉండలా చుట్టి మూల పడేయకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే అంటుకుంటుంది. ఇళ్ళు తగలబడ్డాయి ఇలా. గుడ్డల్ని బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

ఆగస్టు చివరికి పని అయిపోయింది. పడవ కొత్తదానిలా లేదు. నలభై ఏడేళ్ళ పడవను బాగా చూసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కిటికీ కింద రెండు నీడలు ఉన్నాయి. మ్యాపుల బల్ల పక్కన పటం ఉంది. విరిగిన పట్టీ చోట కొత్త టేకు కొంచెం లేత రంగులో ఉంది. కొన్నేళ్ళలో అదీ ముదురుతుందని నాయన అన్నారు. అమ్మకం మాట మా తమ్ముడు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు ప్రతి శనివారం వాడే ముందు వెళ్ళి అల్మారాల తలుపులు తెరిచి గాలి ఆడేలా చేస్తున్నాడు.

సెప్టెంబరులో ఒక ఉదయం నాయనను రేవు మధ్య దాకా తీసుకెళ్ళాం. గాలి తక్కువ, నీళ్ళు ప్రశాంతం. ఒక వైపు మేడన్ వార్ఫ్ మీద చక్కెర టెర్మినల్. ఏ చెరకు కోసం మా ముత్తాతను ఇక్కడికి తెచ్చారో ఆ చెరకు చక్కెర ఇప్పటికీ అక్కడికే వస్తుంది. ఇంకో వైపు సాలిస్‌బరీ దీవి. నాయన పైన కూర్చోలేదు. కేబిన్‌లోకి దిగి, పడుకునే బల్ల మీద కూర్చుని, పడవ కదులుతుంటే చెక్క చేసే చప్పుడు విన్నారు. "ఇన్ని చేసినా ఇది ఎప్పుడూ వినలేదమ్మా" అన్నారు. నేనేమీ అనలేదు.

ఈ పత్రిక చదివే మీలో చాలామంది తెలుగు మెల్లగా, కష్టపడి నేర్చుకుంటున్నారు. నేనూ అలాగే నేర్చుకున్నాను. మనకు వచ్చిన తెలుగు కూడా ఆ వెనీర్ లాంటిదే. చాలా పలుచని పొర. "ఇది శుద్ధమైన తెలుగు కాదు" అని ఎవరైనా గట్టిగా గీకితే ఉన్నది కూడా పోతుంది. ఈడ, ఆడ, నాయన లాంటి మాటల్ని దులిపి ఉంచుకోండి, పారేయకండి. వాటి మీద కొత్త మాటల పూత వేయండి.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే, వాళ్ళు చేసిన పని ఏదైనా సరే, ఆ పనిముట్ల పేర్లు అడగండి. కుట్టుపని కావచ్చు, తోటపని కావచ్చు, చేపల వల కావచ్చు. వస్తువును వాళ్ళ చేతిలో పెట్టి అడగండి. ఉత్తినే అడిగితే గుర్తురాని మాటలు, వస్తువు చేతిలోకి వచ్చాక గుర్తొస్తాయి. విన్నది విన్నట్టే తెలుగు అక్షరాల్లో రాసుకోండి.